నేను వండిన కూర, ఆవిడకి కప్పిన శాలువా

మా ఆఫీసులో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యేసరికి ఫైళ్ళు ఒక పక్కకి జరుగుతాయి. టేబుల్ మీద పాత హిందీ పేపరు పరిచి ఆరుగురం చుట్టూ కూర్చుంటాం. ఎవరి డబ్బా వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తినడం మా సెక్షన్‌లో మర్యాద కాదు. మూతలన్నీ తీసి మధ్యలో పెట్టాలి, ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవాలి. రొట్టెలు, ఆలూ కూర, రాజ్మా, బెంగాలీ ఆయన తెచ్చే చేపముక్కలు, వాటి మధ్య నా డబ్బా. గోంగూర పప్పు, ఉల్లికారం పెట్టిన వంకాయ, దొండకాయ వేపుడు, రోజుకొకటి. అందరికంటే ముందు ఖాళీ అయ్యేది నాదే.

"వాహ్, భాభీజీ కే హాథ్ మే జాదూ హై" అనేవారు మా సెక్షన్ పెద్దాయన, వేళ్ళు నాక్కుంటూ. భాభీజీ అంటే మా ఆవిడ. ఆవిడ చేతిలో మంత్రం ఉందని ఆయన పొగడ్త. నేను తల వంచుకుని నవ్వేవాణ్ణి.

ఆ పప్పు, ఆ వంకాయ, ఆ వేపుడు వండింది నేను. నాలుగేళ్ళపాటు ఈ ఒక్క ముక్క ఆ టేబుల్ దగ్గర చెప్పలేకపోయాను. పోనీ వంట దాచుకున్నానంటే అది నా సిగ్గు, నా ఖర్మ. దాని వెనకాల ఇంకోటి కూడా దాచాను. మా ఆవిడ ఉద్యోగం చేస్తుందన్న సంగతి.

మాది తెనాలి పక్క. పోటీ పరీక్ష రాసి సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తాగా ఢిల్లీ వచ్చాను. పెళ్ళయ్యాక మొదట సరోజినీ నగర్‌లో పాత క్వార్టర్‌లో ఉన్నాం, తర్వాత ఇందిరాపురంలో ఫ్లాటుకి మారాం. మా ఆవిడ ఎంసీఏ చదివింది. పాప పుట్టాక తొమ్మిదేళ్ళు ఇంట్లోనే ఉంది. నేను ఎప్పుడూ ఉద్యోగం వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. మగవాడికి ఇది చాలా సుఖమైన చోటు. పాపం అంటదు, పనీ పడదు.

ఆ తొమ్మిదేళ్ళూ మేం బాగానే ఉన్నామని నేను అనుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వస్తే "ఏంటండీ విశేషాలు" అని ఆవిడ అడిగేది, "ఏముంటాయి" అని నేను టీవీ పెట్టేవాణ్ణి. తిరిగి ఆవిడని ఏమైనా అడగాలని నాకు తోచేది కాదు. ఆవిడకేం విశేషాలుంటాయి, కుక్కరు కూతలు తప్ప? మేం పోట్లాడుకున్నా కొత్తిమీర కట్ట గురించో, గీజర్ ఆపడం మరచిపోవడం గురించో పోట్లాడుకునేవాళ్ళం. పెద్ద గొడవకి కావలసిన సరుకు కూడా మా మధ్య ఉండేది కాదు.

లాక్‌డౌన్ రోజుల్లో ఆవిడకి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. అప్పుడు అందరూ ఇళ్ళ నుంచే పని చేస్తున్నారు కాబట్టి ఆవిడ కూడా పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చేసేది. అది మాకు పెద్ద మార్పుగా అనిపించలేదు. అసలు మార్పు తర్వాత వచ్చింది. అందరూ ఆఫీసుకి రావలసిందేనని కంపెనీ కబురు పంపింది. ఆఫీసు గురుగ్రామ్‌లో. మేమున్న ఇందిరాపురం ఢిల్లీకి ఇటు చివర, గురుగ్రామ్ అటు చివర. పొద్దున ఆరూ నలభైకి ఇంట్లో బయల్దేరితే, వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, ఆటో పట్టుకుని తొమ్మిదికి సీట్లో కూర్చునేది.

మొదటి రోజు కంపెనీ వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు, నీలం తాడుతో, మెళ్ళో వేసుకుని గుమ్మం పక్కన అద్దంలో చూసుకుంది. పెళ్ళినాడు కూడా ఆవిడ అద్దంలో అంతసేపు చూసుకోలేదు. తర్వాత రోజూ అదే అలవాటు. ఇంటికి రాగానే కార్డు గుమ్మం పక్క మేకుకి తగిలించేది, వెళ్ళేటప్పుడు అక్కడే తీసి మెళ్ళో వేసుకునేది. "ఆఫీసుకెళ్ళాక వేసుకోవచ్చుగా" అంటే వినేది కాదు.

మొదటి రెండు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వంట చేసి వెళ్ళేది. మనిషి సగమైపోయింది. ఒకరోజు పప్పులో రెండుసార్లు ఉప్పేసి, మూడోసారి వేయబోతూ గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది. నాకు చిరాకేసింది. నాకు జాలి కూడా చిరాకు రూపంలోనే వస్తుంది. "జరుగు అవతలికి. నువ్వు పోయి పడుకో. నేను తగలేస్తాను" అన్నాను.

అన్నట్టే తగలేశాను. మొదటి వారం పోపు మాడ్చాను, అన్నం ముద్ద చేశాను, పప్పు గుత్తి విసిరికొట్టాను. ఆవిడ పడుకోలేదు. అయిదున్నరకి లేచి కాఫీ కలుపుకుని, వంటింట్లో చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేది.

"ఆవాలు చిటపటమనాలండీ, అప్పుడు జీలకర్ర."

"నాకు తెలుసులే."

"తెలిస్తే మరి ముందు ఇంగువ వేశారేంటి?"

అలా నేర్చుకున్నాను. ఆర్నెల్లకి వంకాయ చీలికల్లో ఉల్లికారం కూరడం వచ్చింది. శనివారాలు ఐఎన్ఏ మార్కెట్‌కి వెళ్ళి, గోంగూర కట్టలు తిరగేసి చూసి, కుర్ర ఆకు ఏరుకొచ్చేవాణ్ణి. రెండేళ్ళకి ఆవిడ వంట కంటే నా వంట బాగుండేది. గొప్పలు కావు, ఆవిడే ఒప్పుకుంది.

అయితే నేను చెప్పాలనుకున్నది వంట గురించి కాదు, ఆ స్టూలు గురించి. అక్కడ కూర్చుని ఆవిడ మాట్లాడేది. వాళ్ళ మేనేజరు గురించి, కొత్తగా చేరిన ఆడపిల్లల గురించి, ప్రోగ్రాములో ఎవరూ పట్టుకోలేని తప్పు తను పట్టుకున్న సంగతి. నేను కూర కలుపుతూ అడిగేవాణ్ణి. ఆవిడ చెప్పేది. తర్వాత ఆవిడ అడిగేది, నేను చెప్పేవాణ్ణి. మా పెళ్ళయిన పదేళ్ళలో మాట్లాడుకోనివి ఆ ముప్పావుగంటల్లో మాట్లాడుకున్నాం. ఆవిడని టీమ్ లీడ్ చేసిన కబురు మొదట విన్నది నేను, చేతిలో గరిటెతో. భార్య ఉద్యోగానికి వెళ్తే కాపురం ఏమైపోతుందో అని మా వాళ్ళంతా భయపెట్టారు. నా కాపురం అప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో నేను సుఖంగా ఉన్నాను. ఇది నిజం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట గెలిచి రచ్చలో పారిపోయాను.

అబద్ధం ఎలా మొదలైందంటే, అబద్ధంగా మొదలవలేదు. లాక్‌డౌన్ తర్వాత ఆఫీసులు తెరిచినప్పుడు మా పెద్దాయన భాభీజీ ఏం చేస్తారని అడిగారు. "ఘర్ పే హీ హై" అన్నాను, ఇంట్లోనే ఉందని. అప్పటికి ఆవిడ ఇంట్లోనే ఉండి పని చేస్తోంది కదా, అది నిజమే. ఆ తర్వాత ఆవిడ గురుగ్రామ్ వెళ్ళడం మొదలుపెట్టింది. దిద్దుకుందామనుకునేలోపు ఒకరోజు పక్క సెక్షన్ కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, మా బల్ల దగ్గరికొచ్చి, తన భార్యకి ఉద్యోగం వచ్చిందని, పొద్దున రొట్టెలు తానే చేశానని చెప్పాడు. పెద్దాయన రొట్టె పైకెత్తి వెలుతుర్లో చూసి, "దీని మీద గాజుల గుర్తులు కనబడటం లేదే" అన్నారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు మళ్ళీ మా బల్ల దగ్గరికి రాలేదు. ఆరోజు నా డబ్బాలో నేను వండిన టమాటా పప్పు ఉంది.

ఆ నవ్వుతో నోరు మూతపడింది. మూతపడి ఊరుకుందా? లేదు. "భాభీజీ ఎన్నింటికి లేస్తారు?" అంటే "అయిదింటికి" అనేవాణ్ణి. నేను లేచే టైము చెప్పేవాణ్ణి. "ఈ కారం ఎలా చేస్తారు?" అంటే "అడిగి చెప్తాను" అని, మర్నాడు నా పద్ధతే ఆవిడ పేరు మీద చెప్పేవాణ్ణి. ఉద్యోగం ఊసు రాకుండా జాగ్రత్తపడ్డాను. నాలుగేళ్ళు.

పెద్దాయన రిటైరయ్యే రోజు వచ్చింది. మా ఆఫీసుల్లో రిటైర్మెంట్లు నెలాఖరున ఉంటాయి, సాయంత్రం మూడున్నరకి సమోసాలు, కేకు, ఉపన్యాసాలు. కుటుంబాలని కూడా పిలుస్తారు. భాభీజీని తీసుకురాకపోతే కేకు కోయనని పెద్దాయన పట్టుబట్టారు. నేను ఇంటికెళ్ళి, "రావాలనేం లేదు, నీకు పనుంటుంది కదా" అన్నాను.

"అదేంటండీ, ఇన్నేళ్ళు మీతో ఒక బల్ల మీద తిన్న మనిషి. రాకపోతే ఏం బాగుంటుంది? సగం రోజు సెలవు పెడతాను" అంది.

అప్పుడైనా ఆవిడకి చెప్పాల్సింది. అరగంట పనే కదా, సమోసా తిని వచ్చేస్తాం కదా అనుకున్నాను. మంచి మాటకి ధైర్యం చాలని మనిషికి లెక్కలు బాగా వస్తాయి.

ఆవిడ గురుగ్రామ్ నుంచి నేరుగా వచ్చింది. హడావుడిలో మెళ్ళో కార్డు అలాగే ఉంది. హాలు నిండా జనం. కేకు కోశాక పెద్దాయన మైకు తీసుకుని అందరికీ థాంక్స్ చెప్పి, చివర్లో, "నాలుగేళ్ళు నాకు అన్నం పెట్టిన ఇల్లాలు ఇక్కడుంది" అని మా ఆవిడని ముందుకి పిలిచారు. తెలుగువాళ్ళకి ఎవరినైనా గౌరవించాలంటే శాలువా కప్పడం అలవాటని ఎప్పుడో సరదాగా ఆయనకి చెప్పింది నేనే. ఆయన గుర్తు పెట్టుకున్నారు. ఆయన భార్య సంచిలోంచి మెరూన్ రంగు శాలువా తీసింది.

ఆ పెద్దావిడ మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "బేటీ, నాలుగేళ్ళుగా రోజూ నీ గురించి వింటున్నాను. ఉద్యోగాలు, పరుగులు ఏమీ పెట్టుకోకుండా ఇల్లే లోకంగా ఉన్నావట. ఈ కాలంలో ఎవరుంటున్నారమ్మా అలా" అంది హిందీలో. వెక్కిరింపు కాదు. నిజంగానే అంది. "మా ఇంట్లో కూడా ఈవిడ పేరే చెబుతుంటాను" అని పెద్దాయన మైకులో అందుకున్నారు. అందరూ నవ్వారు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత ఆవిడ తల వంచి, గుండెల మీద వేలాడుతున్న కార్డు చూసుకుంది. దాన్ని గుప్పిట్లోకి తీసుకుని, తాడు తల మీదుగా తీసి, చేతిసంచిలో పడేసుకుంది. అప్పుడు భుజాలు వంచింది. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. కార్డు తీయడం నేను తప్ప ఎవరూ చూడలేదు.

"థాంక్యూ ఆంటీజీ" అంది. నా పరువు నిలబెట్టింది.

ఇద్దరం కలిసి మెట్రోలో వెళ్ళేటప్పుడు ఎప్పుడూ జనరల్ పెట్టెలోనే ఎక్కుతాం. ఆరోజు ఆవిడ ప్లాట్‌ఫాం మీద ముందుకి నడుచుకుంటూ పోయి ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది. నేను పక్క పెట్టెలో ఎక్కాను. రెండు పెట్టెల మధ్య తలుపుండదు కాబట్టి ఆవిడ వీపు కనబడుతూనే ఉంది. వైశాలి దాకా ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఇంటికి వచ్చి కూర్చున్నాక అడిగింది.

"ఎన్నాళ్ళుగా చెబుతున్నారండీ ఇలా?"

"నేనేం చెప్పలేదు. వాళ్ళే అనుకున్నారు."

"మీరు అనుకోనిచ్చారు."

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు వచ్చే కోపం మామూలు కోపం కంటే పెద్దది. "అయితే ఏం చేయమంటావు? తెల్లారి లేచి వంట చేస్తున్నానని మెళ్ళో బోర్డు కట్టుకుని తిరగమంటావా?"

"నా మెళ్ళో బోర్డు నేను తీసేసుకున్నాను కదండీ ఇందాక. చూశారుగా" అంది.

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఆవిడ ఫోనులో అలారం మోగింది. వంటింట్లో లైటు వెలిగింది. నేను వెళ్ళేసరికి బియ్యం కడుగుతోంది.

"నువ్వెందుకు లేచావు? పో, పడుకో."

"శాలువా కప్పించుకున్నానుగా. ఊరికే కప్పించుకుంటే బాగుండదు."

వెటకారం అనుకున్నాను, రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. పోలేదు. రోజూ లేచింది, రోజూ వండింది, డబ్బా కట్టి నా సంచి పక్కన పెట్టింది. స్టూలు గోడ పక్కకి జరిపేసింది. నేను వంటింట్లోకి వెళ్తే, "మీకు కాఫీ అక్కడికే తెస్తాను" అనేది మర్యాదగా. ఆ మర్యాద భరించలేకపోయాను. కార్డు మేకుకి తగిలించడం మానేసింది. సంచిలోనే ఉంచుకుని, ఆఫీసు దగ్గర వేసుకునేదేమో, నాకు తెలియదు. శాలువా మాత్రం మడతపెట్టి, వంటింట్లో పోపులడబ్బా పక్క అరలో, నాకు కనబడేలా పెట్టింది.

ఇక నా డబ్బా సంగతి. మొదటి రోజే బెంగాలీ ఆయన పప్పు నోట్లో పెట్టుకుని ఆగాడు. "భాభీజీకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. రెండోవారానికి నా డబ్బా సగం మిగిలేది. ఇంట్లో ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి, "పాపా, ఆజ్‌కల్ దాల్ అజీబ్‌సీ క్యోఁ లగ్‌తీ హై?" అంది. పప్పు ఈ మధ్య అదోలా ఉంటోందెందుకని. మా ఆవిడ అక్కడే ఉంది. తల ఎత్తలేదు. "తిను" అన్నాను నేను.

మూడోవారంలో ఆవిడ ఆఫీసు మీటింగులో కునికింది. తన కింద పనిచేసే పన్నెండుమంది ఎదురుగా. ఆ సంగతి నాకు చెప్పలేదు, ఫోనులో వాళ్ళ చెల్లెలితో చెబుతుంటే విన్నాను. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేనే. ఈ నెలాఖరుకి రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నా. ఎలాగూ అందరి లెక్కలో నేను ఇంట్లోనే ఉన్నాను" అంది.

ఆ మాట విన్నాక నాకు భయం వేసింది. ఆవిడ ఉద్యోగం మానేస్తే, అది నా నోటి అబద్ధం నిజం కావడం కోసం మానేసినట్టు. తర్వాత బతుకంతా ఆ గిన్నెలోదే తినాలి నేను.

మర్నాడు బల్ల దగ్గర మూతలు తీస్తుంటే చెప్పేశాను. ఇన్నాళ్ళూ వండింది నేనేనని, మా ఆవిడ గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుందని, టీమ్ లీడ్ అని. అందరూ పకపకా నవ్వారు. "భాభీజీతో గొడవైందా? అందుకే వంట ఇలా ఉందా?" అన్నారు. నేను ఒట్టు వేశాను. ఇంకా నవ్వారు. "ఇదంతా మాకెందుకు చెబుతావు, శాలువా కప్పిన ఆయనకి చెప్పు" అన్నాడు బెంగాలీ ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. నాలుగేళ్ళ అబద్ధం అవలీలగా నమ్మినవాళ్ళు ఒక పూట నిజం నమ్మలేదు.

ఆ శనివారం శాలువా సంచిలో పెట్టుకుని సరోజినీ నగర్‌లో పెద్దాయన ఉండే క్వార్టర్‌కి వెళ్ళాను. ఐఎన్ఏకి వెళ్తున్నానని చెప్పాను ఇంట్లో. అదొక అబద్ధం. పెద్దాయన వాళ్ళు ఇంకా క్వార్టర్ ఖాళీ చేయలేదు, అట్టపెట్టెల్లో సామాను సర్దుకుంటున్నారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పెద్దాయన, ఆయన భార్య ఎదురుగా కూర్చున్నారు. నేను మొత్తం చెప్పాను. ఎప్పుడు మొదలైంది, ఎందుకు నోరెత్తలేదు, ఆరోజు కార్డు ఎలా తీసి దాచుకుంది. శాలువా తీసి బల్ల మీద పెట్టాను.

పెద్దాయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా. గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. ఆయన భార్య లోపలికి, వంటింటి వైపు, చూసింది. "నాలుగేళ్ళు ఈయన మీ ఆవిడ డబ్బా గురించి నాకు చెప్పారు. నాకు చెబితే పోనీ, ముసలిదాన్ని. మా కోడలికి కూడా చెప్పారు. ఆ తెలుగు పిల్లని చూసి నేర్చుకో, ఇల్లు చూసుకుంటూ మొగుణ్ణి ఎంత సంతోషంగా ఉంచిందో, అతని ముఖం చూస్తే తెలుస్తుంది అని" అంది.

నా ముఖం నిజంగానే సంతోషంగా ఉండేది. ఆయన సరిగ్గానే చూశారు.

కోడలు టీ తెచ్చింది. ముప్ఫై లోపే ఉంటుంది. అన్నీ విన్నదని కప్పు పెట్టే తీరులో తెలిసిపోయింది. "భాభీజీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఎటువైపు?" అని అడిగింది. చెప్పాను. "నేనూ అటే వెళ్ళేదాన్ని" అంది. వెళ్ళేదాన్ని అంది. లోపలికి వెళ్ళిపోయింది. పెద్దావిడ శాలువా తీసి సామాను పెట్టెలో అడుగున పెట్టి, పైన పేపరు కప్పింది. నేను టీ ఎలా తాగానో తెలియదు. నేను ఏ బల్ల దగ్గరో మూసుకున్న నోరు, నాకు ముఖం కూడా తెలియని ఒక పిల్ల ఉద్యోగం తీసేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటనివి కూడా దాటుతాయి.

ఇంటికి వచ్చి మా ఆవిడని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆఫీసులో వాళ్ళు నవ్వడం, నేను సరోజినీ నగర్ వెళ్ళడం, శాలువా ఇచ్చేయడం, కోడలి సంగతి. చెబుతూ ఏడ్చాను కూడా. ఆవిడ ఏమైనా అంటుందని, కనీసం చెయ్యి పట్టుకుంటుందని ఎదురుచూశాను.

"ఆ అమ్మాయి ఏం పని చేసేదండీ?" అంది.

"అడగలేదు."

"అడగలేదా? మళ్ళీ వెళ్ళాలనుందో లేదో అయినా?"

"లేదు."

ఆవిడ నన్ను ఆరోజు హాల్లో చూసినట్టే చూసింది. "అంటే అంత దూరం వెళ్ళి, మీ తప్పు మీరు చెప్పుకుని వచ్చేశారన్నమాట" అంది.



మర్నాడు ఆదివారం. అలారం లేదు. అయిదున్నరకి నేనే లేచి, ఫ్రిజ్‌లో ఉన్న గోంగూర తీసి పప్పు పెట్టాను. ఎవరూ చెప్పకుండానే వంకాయలకి ఉల్లికారం కూరాను. ఆవిడ తలస్నానం చేసి వచ్చి, పెద్ద డబ్బా తీసి రెండూ సర్దింది. సంచిలోంచి కార్డు తీసి, గుమ్మం పక్క అద్దంలో చూసుకుంటూ మెళ్ళో వేసుకుంది.

"ఆదివారం పూట కార్డెందుకు?" అన్నాను.

"వాళ్ళింటికి వెళ్తున్నాను. నేనెవరో తెలియాలి కదా."

"నేనూ రానా?"

"వద్దండీ. మీరు మాట్లాడొచ్చారుగా" అని మెట్లు దిగింది.

ఆరోజు నేను ఏ పనీ చేయలేకపోయాను. ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టాను. ఆవిడ సాయంత్రం అయిదింటికి వచ్చింది. డబ్బా కడిగి ఇచ్చారు, ఖాళీగా పంపకూడదని అందులో రెండు యాపిల్ పళ్ళు వేశారు. నేను వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను.

"ఏమన్నారు?"

"ఆ అమ్మాయి కూడా టెస్టింగేనండీ. మానేసి రెండేళ్ళయిందట. చాలాసేపు కూర్చున్నాం. కొత్తగా ఏం నేర్చుకోవాలో రాసిచ్చాను."

"మళ్ళీ వెళ్తుందా?"

"తెలియదు. వాళ్ళాయన ఏమంటాడో. ఇంకా ఏం చెప్పలేదు తను."

ఆగలేక అడిగాను. "నా గురించి ఏమన్నారు? తిట్టారా?"

ఆవిడ యాపిల్ పళ్ళు తీసి గిన్నెలో పెట్టింది. "మీ గురించి ఎవరూ మాట్లాడలేదండీ" అంది.

తర్వాత మెళ్ళో కార్డు తీసి గుమ్మం పక్క మేకుకి తగిలించింది. ఫోను తీసి నాలుగున్నర అలారం నొక్కి ఆపేసింది. గోడ పక్కనున్న స్టూలు కాలితో ముందుకి లాక్కుని కూర్చుని, రేపు పొద్దున ఏం కూర చేస్తున్నారని అడిగింది.